కానుకా కేసూ ఒకే గడప తొక్కరాదు

సిద్దిపేట

చిరంజీవి బిడ్డకు,
పెద్దబాపు ఆశీస్సులు.

హైకోర్టులో లా క్లర్కు పని దొరికిందని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది. నల్లకోటు వేసుకుని వాదించడానికి ముందు ఒక న్యాయమూర్తి ఛాంబర్‌లో కూర్చుని, తీర్పు ఎట్లా తయారవుతుందో చూసే అవకాశం అందరికీ రాదు. కేసు కట్ట చదివి నోట్ రాయడం, పాత తీర్పులు వెతికి పెట్టడం గురించి నీకు నేను చెప్పగలిగేది ఏమీ లేదు. నేను చెప్పేది వేరే ముచ్చట. ఏండ్ల తరబడి కోర్టు ఆఫీసులో శిరస్తాదారుగా పనిచేసినవాడికి బెంచి మీద జరిగేదానికంటే బెంచి వెనక గుమ్మం దగ్గర జరిగేదే ఎక్కువ కనబడుతుంది. ఇప్పుడు నువ్వు ఆ గుమ్మం దగ్గరికి పోతున్నావు. అదీ దీపావళి ముందర పోతున్నావు. మిఠాయి డబ్బాలు, డ్రైఫ్రూట్ పెట్టెలు, కొత్త సంవత్సరం డైరీలు హోదా ఉన్న ఇండ్లను వెతుక్కుంటూ వచ్చే రోజులివి. అందుకే తొందరగా రాస్తున్నాను.

ముందు నియమం ఏమిటో చూద్దాం. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా కూర్చుని తమ నడవడికి తామే కట్టుబాట్లు రాసుకున్నారు. మొత్తం పదహారు అంశాలు. 1999లో హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తుల సదస్సు కూడా వాటిని ఒప్పుకుంది. అందులో పదో అంశం కానుకల గురించి. కుటుంబసభ్యులు, దగ్గరి బంధువులు, స్నేహితుల దగ్గర తప్ప న్యాయమూర్తి కానుక గానీ ఆతిథ్యం గానీ తీసుకోరాదన్నది దాని సారం. చాలామంది ఇంతవరకు చదివి ఆగిపోతారు. ‘స్నేహితులు’ అన్న చోట సందు దొరికిందని సంబరపడేవాళ్లూ ఉంటారు.

నువ్వు ఆగకు. వెనక్కి పోయి ఏడో అంశం కూడా చదువు. తన కుటుంబసభ్యులకో, దగ్గరి బంధువులకో, స్నేహితులకో సంబంధమున్న కేసును న్యాయమూర్తి వినరాదు, తేల్చరాదు అని అందులో ఉంటుంది. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టు. రెండు చోట్లా ఉన్నది అదే మనుషుల జాబితా. ఎవరి దగ్గర కానుక పుచ్చుకోవచ్చో సరిగ్గా వాళ్ల కేసులే వినకూడదు. ఎవరి కేసు వినవచ్చో వాళ్ల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. ఒకే మనిషి రెండు చేతులతో రాకూడదు, ఒక చేతిలో పండ్ల బుట్టా ఇంకో చేతిలో కేసు కట్టా పట్టుకుని. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే మిగతా ఉత్తరం చదవకపోయినా ఫర్వాలేదు. కానీ నువ్వు చదువుతావని నాకు తెలుసు.

ఈ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. 1995లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఎ.ఎం. భట్టాచార్జీ రాసిన న్యాయశాస్త్ర గ్రంథానికి ఒక లండన్ ప్రచురణ సంస్థ రాయల్టీగా 80 వేల డాలర్లు ఇచ్చింది. న్యాయశాస్త్ర పుస్తకానికి అంత సొమ్మా అని అక్కడి వకీళ్లకు అనుమానం వచ్చింది. బార్ తీర్మానాలు చేసింది. ఆయన రాజీనామా చేశారు. రుజువైన నేరం ఏదీ లేదు, అది గుర్తుపెట్టుకో. అయినా కుర్చీ నిలవలేదు. పుస్తకం రాయడం గౌరవమైన పనే, రాయల్టీ తీసుకోవడం చట్టబద్ధమే. కానీ సొమ్ము కొలత పుస్తకం కొలతకు మించి కనబడితే జనం దాన్ని రాయల్టీ అనుకోరు.

ఆ వ్యవహారం మీద సుప్రీంకోర్టుకు వచ్చిన సి. రవిచంద్రన్ అయ్యర్ కేసులో 1995 సెప్టెంబరులో తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినవారే. (పంజాబ్-హర్యానా హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు అధికారిక నివాసం ఖర్చుల విషయంలో అభిశంసన ఎదుర్కొన్న జస్టిస్ వి. రామస్వామి వేరే. 1993 మేలో ఆ తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. పేర్లు చూసి ఇద్దరినీ కలిపెయ్యకు.) న్యాయమూర్తి మీద ఒత్తిడి తెచ్చి రాజీనామా చేయించే అధికారం బార్‌కు లేదనీ, ఆధారాలుంటే ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టాలనీ ఆ తీర్పు చెప్పింది. పార్లమెంటు తొలగించేంత పెద్ద తప్పుకూ, అసలు తప్పే లేకపోవడానికీ మధ్యన ఖాళీ ఒకటి ఉంది, దాన్ని న్యాయవ్యవస్థ లోపలే పూడ్చుకోవాలన్న ఆలోచన అక్కడ బలపడింది. 1997 నాటి పదహారు అంశాలూ, 1999లో వచ్చిన అంతర్గత విచారణ పద్ధతీ ఆ దారిలోనే వచ్చాయి.

అయితే ఆ పదహారు అంశాలు చట్టం కావు. ఐఏఎస్ అధికారికి కానుకల మీద రూపాయల్లో హద్దులున్నాయి, మించితే ప్రభుత్వానికి తెలపాలి, అనుమతి అడగాలి. జిల్లా జడ్జీలకూ ప్రవర్తనా నియమాలున్నాయి, తప్పితే హైకోర్టే చర్య తీసుకుంటుంది. హైకోర్టు న్యాయమూర్తికి మాత్రం రూపాయల లెక్క లేదు, పైన అధికారి లేడు. రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు ఉభయసభలూ ప్రత్యేక మెజారిటీతో తొలగించాలి, లేదా ఆయనే రాజీనామా ఇవ్వాలి. ఈ ప్రమాణాలకు చట్టబలం ఇవ్వడానికి 2010లో ఒక బిల్లు పెట్టారు. 2012లో లోక్‌సభ దాటింది. 2014లో ఆ సభ గడువుతోపాటే బిల్లూ మురిగిపోయింది. న్యాయమూర్తులు స్వతంత్రంగా ఉండాలని రాజ్యాంగం వాళ్లకు అంత రక్ష ఇచ్చింది. ఆ రక్ష ఇచ్చినందుకు వాళ్ల దగ్గర కోరేది నిగ్రహం. ఆ నిగ్రహం నిలబడేది ఎక్కడ? పార్లమెంటులో కాదు బిడ్డా. ఇంటి గేటు దగ్గర, ఛాంబర్ తలుపు దగ్గర, ఫోన్ ఎత్తే మనిషి దగ్గర. అంటే నీలాంటివాళ్ల దగ్గర.

‘పుచ్చుకుంటే ఏమైంది, తీర్పు న్యాయంగానే ఇచ్చాను కదా’ అనే మాట నీకు ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. దానికి జవాబు నాలుగు వందల ఏండ్ల కిందే వచ్చింది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ అని పెద్ద తత్వవేత్త, లార్డ్ ఛాన్సలర్ పదవిలో కూర్చుని కేసులు తీర్చేవాడు. 1621లో ఆయన మీద పార్లమెంటుకు ఫిర్యాదులు వచ్చాయి. మొదట వచ్చిన ఇద్దరు ఫిర్యాదుదారులూ ఆయనకు సొమ్ము ఇచ్చినవాళ్లే. ఒకాయన నూరు పౌండ్లు, ఇంకొకాయన నాలుగు వందలు. ఇద్దరికీ తీర్పు వ్యతిరేకంగా వచ్చింది! కానుక తీసుకున్నా తీర్పు అమ్ముకోలేదని దాన్నిబట్టి బేకన్ సమర్థించుకోవచ్చు. కానీ పార్లమెంటు విడిచిపెట్టలేదు. 28 అభియోగాలు ఒప్పుకున్నాడు, 40 వేల పౌండ్ల జరిమానా పడింది, కొద్ది రోజులు లండన్ టవర్‌లో ఉన్నాడు, ఇక ఏ పదవికీ పనికిరాకుండా పోయాడు. రాజు తర్వాత జరిమానా మాఫీ చేశాడు గానీ పోయిన పేరును మాఫీ చేయడం ఎవరి తరం?

ఆ కథలో ఇచ్చినవాళ్ల సంగతి చూడు. ఓడిపోయారు కాబట్టి రచ్చకెక్కారు. గెలిచి ఉంటే ఎవరూ నోరు మెదపకపోదురు. అప్పుడు అవతల ఓడినవాడికి ఏం తెలిసేది? ఏమీ తెలిసేది కాదు. కానుక వల్ల జరిగే అసలు అన్యాయం అతనికే. కానుక చేతులు మారిన గదిలో లేనివాడు అతనొక్కడే.

ఆ గదిలో లేనివాళ్లను నువ్వు చూసే ఉన్నావు. మల్లన్నసాగర్ జలాశయం కోసం భూములు తీసుకునే రోజుల్లో తొగుట, కొండపాక మండలాల రైతులు పట్టాదారు పాసుపుస్తకాలు సంచుల్లో పెట్టుకుని హైదరాబాద్ పోయేవాళ్లు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊర్లు ఇప్పుడు 50 టీఎంసీల నీళ్ల కింద ఉన్నాయి. భూములు తీసుకోవడానికి 2015లో వచ్చిన 123 నంబరు జీవోను 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కొట్టేసినప్పుడు మన జిల్లా పల్లెల్లో ఎంత చర్చ నడిచిందో నాకు యాదికుంది. సర్కారు అప్పీలుకు పోయింది, కొత్త ఉత్తర్వులు వచ్చాయి, ప్రాజెక్టు 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఎవరు ఎంతవరకు గెలిచారన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఇంతే. ఆ రైతులు మూసీ ఒడ్డున ఉన్న కోర్టుకు పోయింది అక్కడ ఎవరో తెలిసినవాళ్లున్నారని కాదు. అవతల సర్కారు ఉన్నా, ఆ కోర్టులో తమ కాగితమూ సర్కారు కాగితమూ ఒకే బల్ల మీద పడతాయన్న నమ్మకంతో పోయారు. పండుగనాడు ఛాంబర్‌లోకి పోయే ఒక్కో పెట్టె ఆ నమ్మకంలోంచి కొంత తీసుకుపోతుంది. ఆ పెట్టె ఏ కేసుకూ సంబంధించింది కాకపోయినా సరే, చూసినవాడికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. పెద్దల ముందుకు వట్టి చేతులతో పోకూడదన్నది మనకు తరాలనుంచి వచ్చిన అలవాటు. నిజాం దర్బారులో నజరు పెట్టకుండా తల ఎత్తినవాడు లేడు. పండుగకూ పుట్టినరోజుకూ అష్రఫీలు చేతుల్లో పెట్టుకుని వరుసలో నిలబడేవాళ్లు. ఊర్లలో దేశ్‌ముఖ్‌కూ పట్వారీకీ నడిచింది దాని చిన్న నమూనా. అదే ఏడో నిజాం కాలంలో, 1921లో, న్యాయశాఖను పరిపాలన నుంచి వేరు చేశారు. బ్రిటిష్ ఇండియాలో ఇంకా జరగని పని అది. దానికి ఒక ఏడాది ముందే, 1920 ఏప్రిల్‌లో, హైకోర్టు భవనం తెరిచారు. నజరు పెట్టే దర్బారూ, నజరు పెట్టరాని కోర్టూ ఒకే పట్నంలో ఒకే కాలంలో ఉన్నాయన్నమాట. దర్బారు పోయింది, కోర్టు మిగిలింది. మనిషిలో అలవాటు మాత్రం ఇంకా రెండింటి మధ్య తిరుగుతూ ఉంటుంది. న్యాయమూర్తి ఎదుటికి పోయేవాడికి తాను పోతున్నది కోర్టుకా దర్బారుకా అన్నది నీ ముఖం చూస్తేనే తెలియాలి.

అట్లాగని శాలువాను చూసి బెదిరిపోకు. న్యాయమూర్తి గారు ఏదో ఊరికి వచ్చినప్పుడు వేదిక మీద, నలుగురి కళ్ల ముందు ఒక శాలువా కప్పడం, చేర్యాల పటమో చిన్న జ్ఞాపికో ఇవ్వడం లోకంలో ఉన్న మర్యాద. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అన్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఇక్కడ మూడు చూసుకోవాలి. ఇస్తున్నది బహిరంగంగానేనా? విలువ మర్యాదకు సరిపడేంతేనా? ఇచ్చేవాళ్లకు ఆ కోర్టులో కేసుందా? మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. విశ్వవిద్యాలయాలకూ దేవస్థానాలకూ కంపెనీలకూ కూడా కోర్టులో కేసులుంటాయి. వేదిక మీద చేర్యాల పటం ఇచ్చిన సంస్థే, సభ అయ్యాక కారు డిక్కీలో గొల్లభామ చీరల కట్ట పెట్టిస్తే, ఆ రెండోదానికి మర్యాదతో సంబంధం లేదు. కారు దగ్గర ఉండేది నువ్వో, డ్రైవరో, జమేదారో. అక్కడే ఆపాలి.

ఇక సోపతిగాళ్ల సంగతి. న్యాయమూర్తి అయినంత మాత్రాన మనిషి ఒంటరివాడు కావాలా? కాకూడదు. అందుకే పదో అంశం స్నేహితులను వదిలేసింది. కానీ అదే పదహారింటిలో మూడోది, తన కోర్టులోనే వాదించే వకీళ్లతో దగ్గరి చెలిమి వద్దంటుంది. కాబట్టి స్నేహితుడంటే ఎవరు అన్నది తేల్చుకోవాలి. బెంచి ఎక్కకముందే ఉన్న స్నేహమా? ఇటునుంచి అటూ అంతే ఇచ్చిపుచ్చుకోవడం ఉందా? రేపు రిటైరైనాక కూడా ఆ మనిషి గడపకు వస్తాడా? ఈ మూడింటికీ అవునన్నవాడు స్నేహితుడు. అతని కేసు మాత్రం ఆ బెంచికి రాకూడదు.

ఈ ప్రశ్న వేసుకోకపోతే ఎంత పెద్ద కోర్టుకైనా తలవంపులే. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఏండ్ల తరబడి హార్లన్ క్రో అనే కోటీశ్వరుడి విమానంలో, ఓడలో విహారయాత్రలు చేశారనీ, వాటిని ఏటా ఇచ్చే వివరాల్లో చూపలేదనీ 2023 ఏప్రిల్‌లో ప్రోపబ్లికా వార్తాసంస్థ బయటపెట్టింది. క్రో తనకు దగ్గరి మిత్రుడనీ, అట్లాంటి ఆతిథ్యం చెప్పనక్కరలేదని తనకు సలహా ఇచ్చారనీ థామస్ జవాబిచ్చారు. ఆ ఏడాది నవంబరులో ఆ కోర్టు మొట్టమొదటిసారి తనకంటూ ప్రవర్తనా నియమావళి రాసుకుంది. దాన్ని అమలు చేయించే యంత్రాంగం మాత్రం పెట్టుకోలేదు. మన దగ్గర 1997లోనే రాసుకున్నాం గదా అని గర్వపడడానికి తొందరపడకు. అమలు సంగతిలో మనమూ అక్కడే ఉన్నాం.

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వద్దాం. 2008 ఆగస్టులో చండీగఢ్‌లో పంజాబ్-హర్యానా హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ నిర్మల్‌జిత్ కౌర్ ఇంటికి ఒక వకీలు దగ్గరి మున్షీ సంచీ తెచ్చి ఇచ్చాడు. లోపల 15 లక్షల రూపాయలు. ఆమె వెంటనే పోలీసులను పిలిపించారు. పేరు పోలికవల్ల అది ఇంకో న్యాయమూర్తికి చేరాల్సింది తప్పుగా ఈ ఇంటికి వచ్చిందని సీబీఐ కేసు పెట్టింది. దాదాపు పదిహేడేండ్ల తర్వాత, 2025 మార్చిలో ప్రత్యేక కోర్టు ఆ న్యాయమూర్తిని నిర్దోషిగా విడిచింది. కోర్టు తేల్చింది కాబట్టి మనం ఇంకోమాట అనరాదు. నీకు పనికొచ్చేది జస్టిస్ కౌర్ చేసిన పని. ఆమె సంచీ వెనక్కి పంపించి ఊరుకోలేదు, రేపు చూద్దామనలేదు. ఆ పూటే పోలీసులకు చెప్పారు. అందుకే అంత గొడవలో ఆమె మీద మరక పడలేదు. వెనక్కి పంపిన సంచీకి సాక్ష్యం ఉండదు, రికార్డుకు ఎక్కిన సంచీకి ఉంటుంది.

పైరవీకారు సంచీతోనే రావాలని లేదు, వరుస కలుపుకుంటూ కూడా వస్తాడు. 2012లో గాలి జనార్దన్ రెడ్డి గనుల కేసులో బెయిల్‌కు డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ మీద హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టు జడ్జిని అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సస్పెండ్ చేసింది. తర్వాత ఏసీబీ అరెస్టు చేసినవాళ్లలో ఒక రిటైర్డ్ జడ్జి కూడా ఉన్నాడు. ఆరోపణ ఏమిటంటే, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య తెలిసినవాళ్ల గొలుసు ఒకటి ఉందని. ఆ గొలుసులో ప్రతివాడూ ఇంకొకడికి చుట్టమో దోస్తో. హైకోర్టులో నీ పేరు తెలియగానే నిన్ను కూడా అట్లాంటి గొలుసులో కొక్కెం చేసుకోవాలని చూసేవాళ్లు వస్తారు. వాళ్లు డబ్బుతో మొదలుపెట్టరు. ‘మన సిద్దిపేట బిడ్డవంట గదా’ అని మొదలుపెడతారు.

వాళ్లు ఇచ్చేవి కానుకల్లా కనబడవు. జేబీఎస్ బస్టాండు దాకా కారులో దింపుతామంటారు. మీ తమ్ముడికి ఉద్యోగం చూస్తామంటారు. ఏడాది అయ్యాక మా ఆఫీసులోనే జూనియర్‌గా చేరమంటారు. ఈ చివరిది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అది నీకు నిజంగానే అవసరం. రేపు దొరకబోయే పదవి కూడా ఈనాటి కానుకే. మన కృష్ణా జిల్లా జస్టిస్ జాస్తి చలమేశ్వర్ 2018లో, రిటైర్మెంటుకు ముందే, తర్వాత ప్రభుత్వం ఇచ్చే ఏ పదవీ తీసుకోనని బహిరంగంగా చెప్పేశారు. అంతటి పెద్దలు ముందుగానే తలుపు మూసుకుంటే, ఇరవై మూడేండ్ల పిల్ల మూసుకోవడానికి సిగ్గుపడనక్కర లేదు. ఉద్యోగం మాట ఎవరన్నా ఎత్తితే, ఆ ఆఫీసు కేసులు మీ బెంచి ముందు ఉన్నాయని ఆ రోజే న్యాయమూర్తి గారికి చెప్పు.

చట్టం సంగతి కూడా చెవిన వేసుకో. 1988 అవినీతి నిరోధక చట్టంలో న్యాయమూర్తులందరూ ప్రభుత్వ సేవకుల కిందికే వస్తారు. కోర్టు న్యాయపాలన పని అప్పజెప్పినవాళ్లూ వస్తారు. హైకోర్టు న్యాయమూర్తికి అవినీతి నిరోధక చట్టం వర్తించదన్న వాదనను, పాత చట్టం కింద వచ్చిన కేసులోనే, సుప్రీంకోర్టు 1991లోనే వీరాస్వామి కేసులో తోసిపుచ్చింది, కాకపోతే కేసు పెట్టేముందు భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలంది. ప్రయోజనమంటే డబ్బే కానవసరం లేదని చట్టంలోనే ఉంది. తన ముందున్న వ్యవహారంతో సంబంధమున్నవాడి దగ్గర విలువైనది ఉచితంగా తీసుకుంటే పదకొండో సెక్షన్ కింద అయిదేండ్ల దాకా జైలు. ప్రతిఫలంగా పని చేసిపెట్టావా లేదా అని అది అడగదు. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడికీ ఏడేండ్ల దాకా శిక్ష ఉంది. అంటే నువ్వు వద్దన్నప్పుడు ఎదుటివాణ్ని అవమానించినట్టు కాదు, కాపాడినట్టు.

ఇంతవరకు నీ దగ్గరికి వచ్చేవాటి గురించి చెప్పాను. నీ దగ్గర్నుంచి పోయేది ఒకటుంది, దానికే గిరాకీ ఎక్కువ. అది కబురు. ‘ఆర్డర్ ఎట్లా వస్తుందో జర చెప్పవా’, ‘ఏ రోజు లిస్టుకు వస్తుంది’, ‘సార్ ఏమంటున్నారు’. తీర్పు కోర్టు హాల్లో చదివేదాకా అది పుట్టనట్టే. ముందుగా ఒక పక్షానికి తెలిస్తే, ఆ పక్షానికి న్యాయమూర్తి ఇవ్వని కానుకను నువ్వు ఇచ్చినట్టు. అమ్మకూ చెప్పకు. డ్రాఫ్టు ఇంటికి తేకు, ఫోన్‌లో ఫోటో తియ్యకు, హాస్టల్ స్నేహితురాళ్ల గ్రూపులో ‘ఈరోజు భలే కేసు’ అని రాయకు.

చేతలకు పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను. చేరిన రోజే న్యాయమూర్తి గారిని అడుగు: ఎవరన్నా ఏమన్నా తెస్తే ఏం చేయమంటారు? పెద్దలు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, నిన్ను చూసి నిశ్చింత పడతారు. ఆయన చెప్పింది పర్సనల్ సెక్రటరీకీ జమేదారుకూ డ్రైవర్‌కూ ఒకేలా తెలిసేట్టు చూడు. ‘మిఠాయే గదా, స్టాఫ్ పంచుకుందాం’ అనడం దగ్గరే కట్టుబాటు తెగుతుంది. తిన్నది స్టాఫ్ అయినా తీసుకున్నది సార్ అనే బయట చెప్పుకుంటారు. వద్దనేటప్పుడు మనిషిని పరీక్షించినట్టు మాట్లాడకు. ‘మీరనే కాదు సార్, ఎవరి దగ్గరా తీసుకోం’ అని నవ్వుతూ అను, వచ్చినవాణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు. ఎవరూ లేనప్పుడు పెట్టి పోయినదాన్ని విప్పకు. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎట్లా తిప్పి పంపాం అని రిజిస్టర్‌లో రాసి, అందినట్టు సంతకం తీసుకో. డబ్బు అని అనుమానం వస్తే చెయ్యి పెట్టకు, న్యాయమూర్తి గారికి అప్పుడే చెప్పు. ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరన్నా నవ్వితే, న్యాయమూర్తి ఎల్లప్పుడూ జనం కంట్లో ఉన్నానని గుర్తుంచుకోవాలన్న పదహారో అంశం చూపించు. 2025 మార్చిలో ఢిల్లీలో ఒక హైకోర్టు న్యాయమూర్తి ఇంటి ఆవరణలో మంటలారుస్తుంటే కాలిన నోట్లు బయటపడ్డాయన్న వార్త దేశాన్నంతా కుదిపింది. తర్వాతి నెలలోనే సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమ ఆస్తుల వివరాలు బయటపెట్టాలని తీర్మానించుకున్నారు, మేలో వెబ్‌సైట్‌లో పెట్టారు. జనం చూపు ఎంత బలమైనదో దాన్నిబట్టి తెలుసుకో.

చివరగా మన ఇంటి సంగతి. తాత నాటి భూమి పంపకం మీద మనవాళ్ల రెండో అప్పీలు ఒకటి హైకోర్టులో చాలాకాలంగా ఉంది, నీకు తెలుసు. దాని నంబరు మీ బాపు దగ్గర అడిగి తీసుకో. ఒక కాగితం మీద రాసి, ఇది మా కుటుంబం కేసు అని మొదటి వారంలోనే న్యాయమూర్తి గారికి ఇవ్వు. ఆ కట్ట ఎప్పుడన్నా మీ బెంచికి వస్తే నువ్వు ముట్టుకోకూడదు, ఆ రోజు నోట్ ఇంకొకరు రాయాలి. ఆయన ఏం చేస్తారన్నది ఆయన ఇష్టం. అది ఏ రోజు లిస్టులో ఉందో చూసి చెప్పమని మన ఇంట్లో ఎవరడిగినా చెప్పకు, నేనడిగినా చెప్పకు. మన వకీలు సాబు ఫోన్ చేసినప్పుడే నేనూ వింటాను. మిగతా కక్షిదారులు అట్లాగే వింటున్నారు గదా.

ఆరోగ్యం చూసుకో. ఆదివారం వీలైతే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
నీ పెద్దబాపు